ప్రెస్క్ ఐల్‌లో పక్షులను చూడాలంటే జూలై కాదు, మే
పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి జూలైలో తల్లిదండ్రులతో వస్తున్నామని, మరునాడు ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ప్రెస్క్ ఐల్ స్టేట్ పార్కుకు పక్షులను చూడడానికి వెళ్ళవచ్చా అని మీరు అడిగారు. వెళ్ళవచ్చు; కాని పక్షులే ముఖ్యమనుకుంటే ప్రయాణాన్ని మే నెల రెండవ, మూడవ వారాలకు మార్చుకోండి. జూలైలో అక్కడ పక్షుల కంటే ఈతకు వచ్చిన జనమే ఎక్కువగా కనిపిస్తారు.

ఇందుకు కారణం సరస్సే. దక్షిణాన చలికాలం గడిపిన చిన్న పక్షులు కెనడా అడవులకు వెళ్తూ రాత్రిపూట ఎగురుతాయి. తెల్లవారేసరికి ఎదురుగా అంత విశాలమైన నీరు కనిపిస్తే, దానిని దాటేముందు మేత కోసం, విశ్రాంతి కోసం ఈ ఇసుక ద్వీపకల్పంలోని చెట్లమీద వాలుతాయి. రాత్రంతా దక్షిణపు గాలి వీచి, వేకువన వాన పడినా, ఎదురుగాలి మొదలైనా, ముందుకు సాగలేక అక్కడే గుమికూడతాయి. అందుకే నేను హోటల్ ధరల కంటే ముందు గాలి దిశను చూసుకుంటాను.

చాలామంది నేరుగా ఇసుక తీరానికి వెళ్తారు గాని, వార్బ్లర్లు అనే ఆ చిన్న పాటపిట్టలు ఉండేది లోపలి మడుగుల పక్కనున్న పొదలలో, చెట్లలో. ఓడలకు దారి చూపే దీపస్తంభం (లైట్‌హౌస్) దగ్గర మొదలయ్యే సైడ్‌వాక్ ట్రయల్, ఒకప్పుడు అక్కడి కాపలాదారు మిజరీ బే అనే చిన్న అఖాతం వైపునున్న తన పడవ దగ్గరకు వెళ్ళడానికి వేసిన బాట. ఇప్పుడది కాంక్రీటుది కనుక మీ అమ్మానాన్నగార్లు కూడా నెమ్మదిగా నడవగలరు. అక్కడ ఎల్లో వార్బ్లర్‌ను వెతకనక్కరలేదు, దాని కూతే చోటు చెబుతుంది. నారింజ రంగు గొంతుగల బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ కోసం మాత్రం మెడ నొప్పి పుట్టేదాకా చెట్ల కొనలు చూడాలి.

తూర్పు కొసనున్న గల్ పాయింట్‌లోని రక్షిత భాగాన్ని ఏప్రిల్ 1 నుంచి నవంబరు 30 వరకు మూసి ఉంచుతారు. పరిశీలన వేదిక మీదినుంచే చూడాలి. దానికి విసుక్కోకండి. పెన్సిల్వేనియాలో అరవై ఏళ్ళకు పైగా గూడు పెట్టని పైపింగ్ ప్లవర్ అనే చిన్న తీరపక్షి, 2017లో అక్కడే మళ్ళీ గూడు పెట్టింది.

ప్రవేశ రుసుము లేదు. సరస్సు నీరు మేలో కూడా చల్లగానే ఉంటుంది కనుక, ఊరిలో ఎండ కాస్తున్నా పెద్దవారికి స్వెట్టర్లు తీసుకువెళ్ళండి. గడ్డిలో రక్తం పీల్చే టిక్ పురుగులుంటాయి. ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపుకొని, తిరిగి వచ్చాక ఒళ్ళంతా చూసుకోండి. మే కుదరకపోతే నవంబరులో రండి. వార్బ్లర్లు ఉండవు గాని, సరస్సు మీద మెర్గాన్సర్ బాతులు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి.