మెంటర్ అవుతారా అని అడగకండి, మీ సరుకు పట్టుకెళ్ళండి

విజయనగరంలో చోడిపిండి (రాగిపిండి) బిస్కెట్ల యూనిట్ మొదలుపెట్టాననీ, పన్నెండో రోజుకే బిస్కెట్ మెత్తబడుతోందనీ రాశారు. మంచీ చెడూ చెప్పే మెంటర్ ఎలా దొరుకుతారు, డబ్బు ఇవ్వాలా అని అడిగారు. నాది బిస్కెట్ల వ్యాపారం కాదు, పలాస దగ్గర చిన్న జీడిపప్పు యూనిట్. అయినా మీ ప్రశ్న చదవగానే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది.

నేనూ ముందు పెద్ద పేరున్నవాళ్ళనే వెతికాను. ఒక మీటింగ్‌లో ఓ వ్యాపారిని పట్టుకుని "నాకు మెంటర్‌గా ఉంటారా సార్" అని అడిగాను. "తప్పకుండానమ్మా" అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆయన్ని తప్పుపట్టను. నాకేం కావాలో నాకే తెలియనప్పుడు ఆయన మాత్రం ఏం చెప్తారు?

ఆ వేసవిలోనే ఉద్దానంలో 20 బస్తాల జీడిపిక్కలు కొని, సరిగ్గా ఎండబెట్టకుండా గోదాంలో పెట్టించేశాను. రెండు నెలలాగి కొట్టిస్తే సగం పప్పు నల్లగా వచ్చింది. ఆ టెన్షన్‌తో వారం రోజులు నిద్రలేదు. చివరికి ఆ పప్పునే స్టీలు డబ్బాలో పోసుకుని కాశీబుగ్గలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళు యూనిట్ నడిపి కొడుకులకి అప్పజెప్పారు. మా అమ్మ ఊరివారు కాబట్టి మావయ్యా అంటాను.

ఆయన అరుగు మీద పేపరు పరిచి పప్పు పోశారు. చాలాసేపు మాట్లాడలేదు. వేలితో ఒక్కొక్క పలుకూ జరుపుతూ మూడు కుప్పలు చేశారు. "ఇది బస్తాలో చెమ్మకి పోయింది. ఇది ఉడికించేటప్పుడు ఆవిరి ఎక్కువై పోయింది. ఇదేమో చెట్టు మీదే పురుగు పట్టింది. కొనీటప్పుడు పిక్క కోసి చూసేవా అమ్మా?" అన్నారు. చూడలేదు. నేను నష్టమంతా చెమ్మ వల్లే అనుకుని ఏడుస్తున్నాను.

ఆరోజు ఒక్కటే పని చెప్పారు. ఈసారి కొనేముందు ఐదారు బస్తాల్లోంచి పిక్కలు తీసి, కలిపి, కేజీ తూచి కోయించమన్నారు. మంచి పప్పు ఎంతొచ్చిందో రాసి తెమ్మన్నారు. మా దగ్గర బస్తా అంటే 80 కేజీలు. కేజీకి 270 గ్రాముల పప్పు వస్తే బస్తాకి 21 కేజీల 600 గ్రాములు. 250 గ్రాములే వస్తే 20 కేజీలు. ఆ కేజీన్నర తేడాలోనే మా లాభమంతా ఉంటుంది.

మూడు చోట్ల కోయించి, లెక్క నోట్‌బుక్‌లో రాసి పట్టుకెళ్ళాను. ఆ పేజీలు తిప్పుతూ, లోపలికి కేకేసి కుర్చీ తెప్పించారు. అప్పటిదాకా అరుగు దగ్గర నిలబడే మాట్లాడాను. నాకు మెంటర్ దొరికింది ఆ నోట్‌బుక్ వల్లే అని గట్టిగా నమ్ముతాను. పెద్దవాళ్ళు సలహా ఇవ్వడానికి వెనకాడరు. ఇచ్చిన సలహా గాలికి పోతుందేమోనని వెనకాడతారు.

ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు వెళ్తాను. పోయినసారి చెప్పింది చేశానా, ఏమైందో ముందు చెప్తాను, తర్వాతే కొత్త ప్రశ్న. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు. వాళ్ళ మనవరాలి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి నేనే కూర్చుని ఆప్షన్లు పెట్టాను, అలా నాకు చేతనైన సాయం చేస్తుంటాను.

ఒక తప్పు మాత్రం మీరు చేయకండి. బ్యాంకు లోన్‌కి హామీ సంతకం పెట్టమని ఆయన్ని అడిగాను. "సంతకం పెడితే మరి నీకు నిజం చెప్పలేనమ్మా, నా డబ్బు గురించే చెప్తాను" అన్నారు. నెలరోజులు అలిగి వెళ్ళలేదు. ఆయన మాటే సరైనదని ఇప్పుడు తెలుస్తోంది.

అలాగని ఆయన చెప్పిందల్లా వినలేదు. పావుకిలో పేకెట్లు మనకెందుకు, డబ్బాల లెక్కన అమ్ముకో అన్నారు. నేను విశాఖలో అపార్ట్‌మెంట్లకి పేకెట్లు పంపి చూశాను, నిలబడింది. ఆ లెక్కలు కూడా చూపించాను, సంతోషించారు. ఆయనకి పిక్క తెలుసు, పేకెట్ అమ్మకం తెలియదు. దానికి వేరేవాళ్ళని అడిగాను.

కాగితాల పనికి మెంటర్‌ని విసిగించొద్దు. చిన్న యూనిట్లు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. నేను తెలియక ప్రాజెక్ట్ రిపోర్ట్ కోసం బయట ఒకరికి 15 వేలు ఇచ్చాను. బ్యాంకు దాన్ని వెనక్కి పంపింది.

మీకు ముందు కావలసింది మెత్తబడిన బిస్కెట్ గురించి చెప్పేవాళ్ళు. గంటస్తంభం చుట్టుపక్కల పాత బేకరీల్లో మాస్టర్లని వాకబు చేయండి. మొదటిరోజు బిస్కెట్, పన్నెండోరోజు బిస్కెట్, మీరు వాడే కవరు, మూడూ పట్టుకెళ్ళండి. పని వేళలో కాకుండా మధ్యాహ్నం బట్టీ ఖాళీ అయ్యాక వెళ్ళండి. పిండి ఎంతసేపు వేయిస్తున్నారో, ఎంతసేపు చల్లార్చి కవరు సీల్ చేస్తున్నారో రాసుకుని మరీ వెళ్ళండి, మొదట అడిగేది అదే.