సెషన్ మొదలవ్వకముందే ఒక మాట మీదకు రండి

తమ్ముడూ,

రిట్రీట్ (కొన్ని రోజులు అందరూ ఒకచోట ఉండి చేసే శిబిరం) నడపబోయే నలుగురూ తలా ఒక శిక్షణ నుంచి వచ్చినవాళ్లని, అందరికీ కలిపి ఒక పదకోశం తయారు చేద్దామనుకుంటున్నానని రాశావు. పదకోశం వద్దు. దాన్ని ఎవరూ చదవరు, చదివినా ఎవరి అర్థం వాళ్లదే. ఒక పూట నలుగురూ కూర్చుని, మీ నోట ఎక్కువగా నలిగే ఐదారు మాటలు తీసుకుని, ఆ మాట వినపడగానే ఎవరు ఏం చేస్తారో తేల్చుకోండి, అది చాలు.

'స్పేస్ ఇద్దాం' అన్నదే తీసుకో. గ్రూపులో ఒకామె మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది, నువ్వు ఆ మాట అన్నావు. కౌన్సెలింగ్ నుంచి వచ్చినతను వెళ్లి ఆమె పక్కన కూర్చుంటాడు, ధ్యానం నేర్పేవాడు ఎవరూ ఆమె దగ్గరికి పోకుండా చూస్తాడు, ఇంకొకరు గ్రూపుకి బ్రేక్ ఇచ్చేస్తారు. ముగ్గురిదీ మంచి ఉద్దేశమే, నలిగిపోయేది మాత్రం ఆమె. "నువ్వు ఆమె దగ్గర ఉండు, గ్రూపును నేను చూసుకుంటా" అంటే గొడవే లేదు కదా.

'ఇంటిగ్రేషన్', అంటే రిట్రీట్‌లో కలిగిన అనుభవాన్ని రోజువారీ జీవితంలో కలుపుకోవడం, దాని దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. ఆచారాలను అధ్యయనం చేసిన ఆర్నల్డ్ వాన్ జెనెప్ 1909లోనే జీవితంలో మార్పు తెచ్చే ఆచారాల్లో మూడు దశలు చూపించాడు: పాతదాన్నుంచి విడిపోవడం, అటూ ఇటూ కాని మధ్యస్థితి, మళ్లీ మనుషుల్లో కలవడం. ఏ శిక్షణ నుంచి వచ్చినవాళ్లకైనా ఇది సులువుగా ఎక్కుతుంది. మూడో దశ జరిగేది వాళ్ల ఇంట్లో, ఆఫీసులో. చివరి రోజు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించినంత మాత్రాన అది అయిపోదు, కాబట్టి తర్వాత ఎవరికి ఎవరు, ఎప్పుడు ఫోన్ చేస్తారో ముందే రాసిపెట్టుకోండి.

రాత్రి డీబ్రీఫ్‌లో, అంటే ఆ రోజు జరిగినదాన్ని మీరు నలుగురూ మాట్లాడుకునేటప్పుడు, 'రెసిస్టెన్స్' (ఎదురు తిరుగుతున్నాడు), 'క్లోజ్డ్' (మనసు విప్పడం లేదు) లాంటి ముద్రలు వేయొద్దు. "ప్రశ్న వేయగానే చేతులు కట్టుకున్నాడు, తర్వాత అరగంట ఎవరి వైపూ చూడలేదు" అని, చూసింది చూసినట్టు చెప్పండి. 1946లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం ఒక శిక్షణ శిబిరంలో రాత్రిపూట ఇలాగే మాట్లాడుకుంటుంటే కొందరు పాల్గొనేవాళ్లు మేమూ వింటామని వచ్చి కూర్చున్నారు, తమ గురించి అక్కడ చెప్పినదాన్ని ఒప్పుకోక వాదించారు కూడా, గ్రూపు శిక్షణలో ఫీడ్‌బ్యాక్ పద్ధతికి పునాది పడింది అక్కడే. మీరు మాట్లాడుకునే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే అనలేని మాట వెనకాల కూడా అనకండి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది 'ఆపు' అన్న మాట. నలుగురిలో ఎవరు ఆ మాట అన్నా సరే, ఎక్సర్‌సైజు అక్కడికక్కడే ఆగాలి, ఎందుకని అడగడం తర్వాత.

ఇట్లు,
మీ అక్క