ముందు ఊలు, తర్వాత పెన్సిలు

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ చదువుతున్నాడు. పెన్సిలు పిడికిలితో పట్టుకుని రెండు గీతలు గీస్తాడు, పారేస్తాడు. ఇంట్లో రోజూ రెండు పేజీలు రాయించమని క్లాసు మిస్ అంటున్నారు. రాయమంటే వాడు ఏడుపు. మా అమ్మ నెల్లూరు నుంచి వస్తూ పాత ఊలు ఉండలు తెచ్చింది, వీటితో ఏదైనా చేయించవే అంటోంది. వేళ్ళతో గొలుసు అల్లడం నేర్పబోతే రెండు నిమిషాల్లో విసిరేశాడు. ఊలుతో చేతిరాత వస్తుందా?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: మీ అమ్మగారి మాట వినండమ్మా. ఆ రెండు పేజీలు కొన్నాళ్ళు ఆపుతామని మిస్‌తో మర్యాదగానే చెప్పండి. మూడు వేళ్ళ పట్టు చాలామంది పిల్లలకు నాలుగు, ఆరేళ్ళ మధ్య కుదురుతుంది.

ఊలు పట్టగానే రాత రాదు. రెండు చేతులూ ఒకేసారి చెరో పని చేయడం వస్తుంది. నర్సరీలో పాఠాలు చెప్పిన రోజుల్లో నేను పిల్లల పెన్సిలు పట్టు కంటే ముందు రెండో చెయ్యి ఎక్కడుందో చూసేదాన్ని. కాగితాన్ని పట్టుకోవాల్సిన ఆ చెయ్యి చాలామందికి బల్ల కింద వేలాడుతూ ఉండేది. కాగితం జారుతుంటే పట్టు ఎంత బాగున్నా ఏం లాభం?

అందుకే చుట్టడంతో మొదలుపెట్టండి. పార్సిలు డబ్బా అట్టను చేప ఆకారంలో కత్తిరించి, అంచున అక్కడక్కడ గాట్లు పెట్టండి. ఊలు కొసను వెనక టేపుతో అంటించి వాడికివ్వండి. ఒక చెయ్యి చేపను తిప్పుతుంది, రెండోది దారం చుడుతుంది. అడ్డదిడ్డంగా చుట్టినా సరిచేయకండి. లావు అక్రిలిక్ ఊలైతే మేలు. సన్నదారం చిన్నవేళ్ళకు చిక్కదు, అసలు ఉన్ని మన చెన్నై చెమటకు గుచ్చుకుంటుంది.

తర్వాత కత్తెర. వేలాడే ఊలు పిల్లల కత్తెరకు తెగదు, బ్లేళ్ళ మధ్య మడత పడుతుంది. వాడు విసుక్కునేది అక్కడే. రెండు కొసలూ మీరు బిగువుగా లాగిపట్టండి, మధ్యలో వాడు కత్తిరిస్తాడు. రాలిన ముక్కల్ని ఒక్కొక్కటే బొటనవేలు, చూపుడువేలితో ఏరి, కాగితం మీద గీసిన సింహానికి జూలుగా అంటించమనండి. జిగురు సీసా వాడి చేతికివ్వకండి, మూతలో కొంచెం పోసివ్వండి. అక్షరాలు దిద్దించే దానికంటే ఈ ఏరడమే వేళ్ళకు ఎక్కువ పని.

అట్టకు పంచింగ్ మిషనుతో బొక్కలు పెట్టి దారం దూర్పించడం మూడోది. కొస పీచులు పీచులైతే పిల్లాడికి ఓపిక పోతుంది. నాలుగు సెంటీమీటర్ల కొసను ఫెవికాల్‌లో ముంచి, మెలిపెట్టి రాత్రంతా ఆరనిస్తే పుల్లలా గట్టిపడుతుంది. పైనుంచి దూర్చి, అట్ట తిప్పకుండా అంచు మీదుగా మళ్ళీ పైకే తెచ్చుకుంటాడు. తప్పు కాదు, కిందినుంచి లాగడం తర్వాత వాడికే తడుతుంది. వేళ్ళ అల్లిక ఐదు దాటాక చూద్దాం.

ఇవి కొత్త సరదాలేం కావు. జర్మనీలో 1837లో చిన్నపిల్లల కోసం బడి మొదలుపెట్టిన ఫ్రోబెల్, వాళ్ళ చేతికివ్వడానికి తయారుచేసిన ఆటవస్తువుల్లో మొదటివే ఊలుతో అల్లిన ఆరు రంగుల బంతులు. 1939లో మన అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చిన మాంటిస్సోరి పద్ధతిలో గుండీలు పెట్టడానికి, లేసులు కట్టడానికి వేరే చట్రాలే ఉంటాయి. మిస్ ఒప్పుకోకపోతే ఇది చెప్పండి.

రోజుకు పది నిమిషాలు చాలు, ఇంకా కావాలంటున్నప్పుడే ఆపేయండి. దారం వేలికి బిగించి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, మెడ దగ్గరకూ పోనివ్వకూడదు. మీరు పక్కన లేనప్పుడు ఉండ బీరువా మీదే ఉండాలి. ఇంట్లో పాకే పిల్ల ఉంటే రాలిన ముక్కలన్నీ ఏరేయండి. ఒక చేతిని అసలే వాడకపోయినా, చెంచా పట్టడం, గుండీలు కూడా కష్టంగా ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే వాళ్ళే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడానికి సాధన చేయించే నిపుణులు) దగ్గరికి పంపుతారు.

ప్రశ్న: మా మనవరాలికి మూడేళ్ళు నిండాయి. పెద్ద చెక్కపూసల్లోకి దారం ఎడమచేత్తోనే ఎక్కిస్తుంది. కుడిచేతికి మార్పించమని ఇంట్లో అందరూ అంటున్నారు. మార్పించనా?
– ఒక అమ్మమ్మ, మైలాపూరు, చెన్నై

జవాబు: వద్దు తల్లీ. ఏ చేత్తో ఎక్కిస్తే ఆ చేత్తోనే ఎక్కించనివ్వండి. మీది కుడిచేతి వాటమైతే దాని పక్కన కాకుండా ఎదురుగా కూర్చుని చూపించండి, అద్దంలో చూసినట్టు మీ కదలికలు దానికి సరిపోతాయి. కత్తెర కొనే రోజు వచ్చినప్పుడు మాత్రం ఎడమచేతి కత్తెరే అడగండి. మామూలు కత్తెరను ఎడమచేత్తో పడితే పై బ్లేడు గీత మీదికి వచ్చి, ఎక్కడ కత్తిరిస్తోందో దానికి కనపడదు.