మరిగిస్తే పోని విషం

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున టొలీడోలో ఉంటారు. ఎండాకాలం సరస్సంతా పచ్చగా మారుతుందట. నీళ్లు మరగబెట్టి తాగితే చాలదా? నానో ఫిల్టర్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మరగబెట్టొద్దని చెప్పండమ్మా ముందు! ఆ పచ్చదనం సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులది. వాటిలోంచి వచ్చే మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరిగించినా పోదు, పైగా నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన వాటిలో దాని మోతాదు పెరుగుతుంది. 2014 ఆగస్టులో అక్కడే ఈ విషం లీటరుకు 1 మైక్రోగ్రాము హద్దు దాటిందని సుమారు 4 లక్షల మందిని కుళాయి నీళ్లు తాగొద్దన్నారు.

ఇక నానో సంగతి. టైటానియం డయాక్సైడ్ అనే పదార్థపు నానో (అతి సూక్ష్మమైన) రేణువుల మీద అతినీలలోహిత కాంతి పడితే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే మహా చురుకైన కణాలు పుట్టి విషపు అణువును ముక్కలు చేస్తాయి. ల్యాబ్‌లో బ్రహ్మాండమే. కానీ సరస్సు నీళ్లలో కుళ్లిన ఆకూ అలమూ తాలూకు సేంద్రియ పదార్థం కూడా ఉంటుంది కదా, రాడికల్స్ చాలావరకు దాని మీదే ఖర్చయిపోతాయి, ఆ తర్వాత రేణువులను నీళ్లలోంచి తీయడం ఇంకో తలనొప్పి. అందుకే నీటి శుద్ధి కేంద్రాలు ఇంకా విషాన్ని పట్టేసుకునే యాక్టివేటెడ్ కార్బన్ (ఒక రకం బొగ్గు) పొడినే ఎక్కువగా నమ్ముకుంటున్నాయి.

డబ్బా మీద ‘నానో’ అని రాసుంటే మోజుపడొద్దు. మైక్రోసిస్టిన్‌ను తగ్గిస్తుందని ఎన్‌ఎస్‌ఎఫ్ (ఫిల్టర్లను పరీక్షించే అమెరికా సంస్థ) సర్టిఫికెట్ ఉందేమో చూసుకోమనండి. తాగొద్దన్న హెచ్చరిక వచ్చిన రోజుల్లో మాత్రం సీసా నీళ్లే.