డ్రాగన్ క్వెస్ట్ 7 జపనీస్ గైడ్‌లో రాక్షసుల పేజీలు లేవా?

ఈ వీడియో గేమ్ గైడ్ పుస్తకం కొంటే అందులో రాక్షసుల పేజీలు లేవని, ఇదే సిరీస్ కామిక్స్ కూడా కొంటానని మీరు రాశారు. పేజీలు ఊడిపోలేదు, అమ్మినవాళ్లు మోసం చేయలేదు. మీకు వచ్చింది రెండు భాగాల్లో మొదటిది మాత్రమే. 2000లో వచ్చిన ఈ ప్లేస్టేషన్ ఆటకు దాన్ని విడుదల చేసిన ఎనిక్స్ కంపెనీయే అధికారిక గైడ్‌ను రెండు పుస్తకాలుగా వేసింది. మొదటి దాంట్లో ఊళ్లు, మ్యాపులు, దారులు. మీరు వెతుకుతున్న రాక్షసుల వివరాలు, వస్తువుల పట్టికలు రెండో దాంట్లో. ఆ రెండోది కొనేటప్పుడు ఇవి చూసుకోండి.

1. పుస్తకం పేరు పక్కన ఉన్న జపనీస్ అక్షరం చూడండి. అడ్డగీత అడుగున ఉంటే (上) మొదటి భాగం, పైన ఉండి నిలువుగీత కిందికి దిగితే (下) రెండోది.

2. అందరూ వదిలేసేది ఇదే: ముందు అట్ట ఫొటో చూసి డబ్బు కట్టేస్తారు. అట్టలు ఒకేలా కనిపిస్తే ఇక అంతే! చివరి పేజీ ఫొటో అడగండి. ప్రచురణ తేదీ, ఎన్నో ముద్రణ, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) అక్కడే ఉంటాయి. ఒక్కో భాగానికి ఒక్కో నంబరు, 4తో మొదలయ్యే 10 అంకెలు. పేరుతో కాదు, రెండో భాగం నంబరుతో వెతకండి.

3. తేదీ 2013 అని ఉంటే కొనకండి. అది ఇదే ఆటను నింటెండో 3డీఎస్ అనే చేతి గేమ్ మెషిన్ కోసం మళ్లీ చేసిన రీమేక్ గైడ్, మీ పుస్తకానికి జత కాదు.

ఇదే సిరీస్ నాలుగు గళ్ల కామిక్స్ కూడా కొంటానన్నారు కాబట్టి అన్నీ ఒకే పార్శిల్‌లో పంపమనండి. గైడ్లు బరువు, పోస్టేజీ వాచిపోతుంది.