మీ ప్రశ్నలు: బాతు ఇన్సులిన్ కిట్టుకు ఎందుకు చిక్కలేదు?

ప్రశ్న: నాటుకోడి, బాతు ప్లాస్మాల్లో ఇన్సులిన్ కొలవడానికి మనుషుల కోసం చేసిన ఎలైజా (యాంటీబాడీలతో హార్మోను కొలిచే పరీక్ష) కిట్టు వాడాం. కోడిలో ఏదో కొంచెం చూపింది, బాతులో సున్నా. రెండూ పక్షులే కదా, ఇంత తేడా ఎందుకు?
– పశువైద్య విద్యార్థిని, గన్నవరం

జవాబు: బాతుకు ఇన్సులిన్ లేక కాదమ్మా, మీ కిట్టులోని యాంటీబాడీ (ఇన్సులిన్‌ను పట్టుకునే ప్రొటీను) దాన్ని గుర్తుపట్టకపోయి ఉంటుంది.

ఇన్సులిన్‌లో రెండు గొలుసులు. ఏ గొలుసులో 21, బి గొలుసులో 30, మొత్తం 51 అమైనో ఆమ్లాలు. మనిషి ఇన్సులిన్‌కూ కోడి ఇన్సులిన్‌కూ ఏడు చోట్ల తేడా ఉంది. అందులో మూడు పక్కపక్కనే, ఏ గొలుసు 8, 9, 10 స్థానాల్లో వస్తాయి. అక్కడ మనిషికి థ్రియోనిన్, సెరిన్, ఐసోల్యూసిన్ ఉంటే, కోడికి హిస్టిడిన్, ఆస్పరజిన్, థ్రియోనిన్. బాతుకైతే గ్లుటామిక్ ఆమ్లం, ఆస్పరజిన్, ప్రోలిన్. టర్కీ కోడిది మన కోడి ఇన్సులిన్‌లాంటిదే.

ఈ మూడూ ఉన్న మెలిక అణువు పైభాగంలో బయటికి కనిపిస్తుంది. చాలా యాంటీబాడీలు పట్టుకునేది దాన్నే. రిసెప్టరుకు, అంటే కణం మీద హార్మోనును అందుకునే ప్రొటీనుకు, అతుక్కునే ముఖ్యమైన భాగం మాత్రం అంతగా మారదు కాబట్టి ఆ పక్షిలో హార్మోను పని ఆగదు. పైగా 8వ స్థానంలోని హిస్టిడిన్ వల్ల కోడి ఇన్సులిన్ క్షీరదాల రిసెప్టరుకు మన ఇన్సులిన్ కన్నా గట్టిగా అతుక్కుంటుంది!

కోడిలో వచ్చిన ఆ కొంచెం అంకెను కూడా ఇప్పుడే నమ్మకండి. ముందు ప్లాస్మాను రెండు, నాలుగు, ఎనిమిది రెట్లు పలచన చేసి చూడండి. ఆ అంకెలతో గీసిన గీత, తెలిసిన మోతాదులతో గీసే స్టాండర్డు గీతకు సమాంతరంగా దిగాలి. అడ్డంగా పడుకుంటే కిట్టు చూస్తున్నది ఇన్సులిన్ కాదు, మరేదో. తర్వాత తెలిసిన మోతాదు కలిపి ఎంత తిరిగి వస్తుందో చూడండి, 80 నుంచి 120 శాతం మధ్య ఉండాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: కిట్టుతో వచ్చిన మనుషుల ఇన్సులిన్‌నే కలుపుతారు. కిట్టు దాన్ని చక్కగా పట్టేస్తుంది, పరీక్ష పాసైపోతుంది, బాతు సంగతి మాత్రం తేలదు. కలపాల్సింది కోడికి కోడిది, బాతుకు బాతుది.

రక్తం ఈడీటీఏ గొట్టంలో తీసి, వెంటనే ఐసులో పెట్టి, 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాను మైనస్ 70లో దాచండి. ఎర్రబడిన నమూనా పారేయండి. పగిలిన ఎర్రకణాల్లోంచి వచ్చే ఎంజైములు ఇన్సులిన్‌ను తినేస్తాయి.

ప్రశ్న: ఒకే హార్మోను పక్షి పక్షికీ మారితే, మారనిదంటూ ఉంటుందా?

జవాబు: ఉంటుంది, చూస్తే ముచ్చటేస్తుంది. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు కౌజుపిట్ట మెదడులో 12 అమైనో ఆమ్లాల చిన్న హార్మోను కనిపెట్టారు, పేరు గొనాడోట్రోపిన్ ఇన్‌హిబిటరీ హార్మోన్. పిట్యూటరీ గ్రంథి నుంచి గొనాడోట్రోపిన్ల (అండాశయాన్నీ వృషణాలనూ నడిపే హార్మోన్ల) విడుదలను అది తగ్గిస్తుంది. కౌజుపిట్టలో 3వ స్థానంలో లైసిన్ ఉంటే కోడిలో ఆర్జినిన్. యూరప్ స్టార్లింగ్, అంటే మన గోరింకల కుటుంబం పక్షి, 5లో ఫినైల్‌అలనిన్, 7లో ఆస్పరజిన్ పెట్టుకుంది. జీబ్రా ఫించ్‌లో ఆ రెండూ అలాగే ఉండి 6వది కూడా మారింది. చివరి ఐదు మాత్రం నాలుగింటిలోనూ ఒకటే: ల్యూసిన్, ప్రోలిన్, ల్యూసిన్, ఆర్జినిన్, ఫినైల్‌అలనిన్. రిసెప్టరు పట్టుకునేది ఆ తోకనే. యాంటీబాడీని తోకకు తయారుచేస్తే అన్ని పక్షుల్లో పనికొస్తుంది, కానీ అదే తోకను పోలిన ఇతర పెప్టైడ్లనూ (చిన్న అమైనో ఆమ్ల గొలుసులనూ) పట్టేస్తుంది. తలవైపు చేస్తే కొన్ని జాతులకే పరిమితం కావచ్చు.

ప్రశ్న: గుడ్డు ఇరుక్కున్న కోడికి ఆక్సిటోసిన్ ఇవ్వొచ్చా?

జవాబు: క్షీరదాల్లో కాన్పు నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ కోడి ఒంట్లో ఉండదు. దాని స్థానంలో మీసోటోసిన్ ఉంటుంది, 8వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ఐసోల్యూసిన్. కానీ గుడ్డును బయటికి నెట్టేది ముఖ్యంగా వాసోటోసిన్, అందులో 8వది ఆర్జినిన్. సూది సంగతి డాక్టరు పరీక్ష చేసి తేల్చాలి. గుడ్డు లోపల అతుక్కునో, పగిలో ఉంటే బలవంతపు నొప్పులకు అండనాళం చిరుగుతుంది. కాల్షియం తక్కువైతే కండరం ముడుచుకోదు కాబట్టి అసలు ముందు చూడాల్సింది వెచ్చదనం, కాల్షియం.