కామ్ మార్చే ముందు గేర్‌బాక్స్ సంగతి చూడండి

ప్రశ్న: నాది 2000 మోడల్ షెవర్లే కమారో జెడ్28. 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజిన్, 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. లక్షా పది వేల మైళ్లు తిరిగింది. ఇంజిన్ వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే పెద్ద కామ్‌షాఫ్ట్ (కామ్) కొన్నాను, 224/228 డిగ్రీలది. అది వేస్తే గేర్‌బాక్స్ పోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. ముందే ఏం చేయించాలి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: స్నేహితులు చెప్పింది కొట్టిపారేయకండి. 4ఎల్60ఈ లో మొదట కాలేది 3-4 క్లచ్, అంటే మూడు, నాలుగు గేర్లలో పట్టుకునే ప్లేట్ల కట్ట. రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు పట్టుకోవాల్సింది అదే. కొత్త కామ్ పవర్‌ను పై ఆర్‌పీఎంకు తీసుకెళ్తుంది కాబట్టి, ఇప్పుడు 5,800 దగ్గర మారుతున్న గేరును 6,400కు జరుపుతారు. తిరిగే భాగాల్లో ఉండే శక్తి వేగం వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది. అంటే ఆ ఒక్క మార్పుతోనే మారిన ప్రతిసారీ క్లచ్ మింగాల్సిన శక్తి దాదాపు 22 శాతం ఎక్కువవుతుంది. పట్టు చాలకపోతే ప్లేట్లు జారతాయి, జారితే వేడెక్కుతాయి, వేడికి ఆయిల్ మాడుతుంది. మాడిన ఆయిల్‌తో పట్టు ఇంకా తగ్గుతుంది.

అందుకే కామ్ కన్నా ముందు ఆయిల్ పాన్ దించి చూడండి. అడుగున అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదలే. నల్లటి క్లచ్ ముక్కలు, ఇత్తడి రేకులు కనిపించినా, ఆయిల్ మాడు వాసన కొట్టినా ఆ గేర్‌బాక్స్ మీద కామ్ వేయకండి. స్కానర్‌లో పి1870 కోడ్ వస్తే లోపల ఏదో జారుతున్నట్టే. ముందు విప్పి రీబిల్డ్ చేయించండి. చేయించేటప్పుడు 3-4 క్లచ్‌కు మెరుగైన ప్లేట్లు, గట్టి సన్ షెల్ (లోపలి సన్ గేరును పట్టి తిప్పే డబ్బా లాంటి భాగం), కార్వెట్ కారులో వాడే పెద్ద సర్వో (ఆయిల్ ప్రెషర్‌తో కదిలే పిస్టన్) అడగండి. ఈ సర్వో 1-2 మార్పులో డ్రమ్ముకు చుట్టుకునే బ్యాండ్‌ను గట్టిగా పట్టిస్తుంది. పాన్ శుభ్రంగా ఉంటే ఫిల్టర్ మార్చి డెక్స్రాన్-6 ఆయిల్ పోయండి. పాన్ దించితే సుమారు 5 క్వార్టులే బయటికొస్తాయి, మిగతాది టార్క్ కన్వర్టర్లో (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉండిపోతుంది.

టార్క్ కన్వర్టర్‌ను కామ్‌తో పాటే కొనండి, తరువాత చూద్దాంలే అనుకోవద్దు. 6,400 దగ్గర ఒకటి నుంచి రెండుకు మారితే ఇంజిన్ సుమారు 3,400కు పడుతుంది. ఈ కామ్ బలం అందుకునేది అటూ ఇటూగా అక్కడే. అందుకే 3,200 – 3,600 మధ్య స్టాల్ (కారు కదలకుండా పట్టి ఉంచినప్పుడు ఇంజిన్ ఎక్కగల ఆర్‌పీఎం) ఉన్న కన్వర్టర్ సరిపోతుంది. పాతదే ఉంచేస్తే సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో ఆగినప్పుడు ఇంజిన్ ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు తిరిగే వేగం) పడిపోయి వణుకుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఐడిల్‌ను 850 – 900 దగ్గర పెట్టించండి.

అయితే ఎక్కువ స్టాల్ అంటే ఎక్కువ వేడి. కాబట్టి రేడియేటర్ తరువాత వరుసలో ఇంకో ప్లేట్ కూలర్ తప్పనిసరి, దానితో ఒక ఉష్ణోగ్రత గేజ్. 175 – 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే బాగున్నట్టు. 230 దాటితే యాక్సిలరేటర్ వదిలి చల్లబడనివ్వండి. పాత గేర్‌బాక్స్ కాలిపోయి ఉంటే పాత కూలర్‌ను మళ్లీ వాడొద్దు. అందులో ఇరుక్కున్న ముక్కలు నేరుగా కొత్త గేర్‌బాక్స్‌లోకి వస్తాయి.

కన్వర్టర్ బిగించేటప్పుడు తొందరపడితే కొత్త పంపు మొదటి స్టార్ట్‌లోనే విరుగుతుంది. ముందు దానిలో ఒక క్వార్టు ఆయిల్ పోసి, తిప్పుతూ లోపలికి నెట్టండి. రెండు షాఫ్టుల పళ్లు, ఆ పైన పంపు, ఒక్కొక్కటీ కలిసినప్పుడు అది టక్కున ఒక మెట్టు దిగుతుంది. మూడు మెట్లూ దిగాలి. తరువాత గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు ఆనించి బోల్టులు పూర్తిగా బిగించాక, కన్వర్టర్ ఇంకా చేత్తో తేలిగ్గా తిరగాలి. ఇంజిన్ వెనక కన్వర్టర్‌ను బిగించే ఫ్లెక్స్‌ప్లేట్‌కూ దానికీ మధ్య 3 – 5 మిల్లీమీటర్ల సందు కనబడాలి. సందు లేకపోయినా, బోల్టులతో లాగితే తప్ప గేర్‌బాక్స్ దగ్గరికి రాకపోయినా వెంటనే ఆపి వెనక్కి తీయండి.

ఇక ట్యూన్, అంటే కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చడం. ఈ గేర్‌బాక్స్‌కు ఎంత ఆయిల్ ప్రెషర్ ఇవ్వాలో ఇంజిన్ కంప్యూటరే నిర్ణయిస్తుంది, లోపలికి వచ్చే గాలిని బట్టి టార్క్ లెక్కగట్టి. కొత్త కామ్ ఓవర్‌ల్యాప్ (గాలి వచ్చే, పొగ పోయే వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) వల్ల తక్కువ ఆర్‌పీఎంలో గాలి వెనక్కి తన్ని సెన్సర్ లెక్క తప్పుతుంది. టార్క్ తక్కువని తేలితే ప్రెషర్ తగ్గుతుంది, క్లచ్ జారుతుంది. కాబట్టి ముందు గాలి టేబుల్స్ సరిచేసి, ఆ తరువాతే ప్రెషర్ టేబుల్ ముట్టుకోమని ట్యూనర్‌కు చెప్పండి. ప్రెషర్‌ను అన్నిచోట్లా చివరికంటా పెంచేయడం మాత్రం నాకు నచ్చని పని. ఆ దెబ్బలకు సన్ షెల్ పళ్లు ఊడతాయి. లాకప్‌ను (కన్వర్టర్ జారకుండా ఇంజిన్‌కు నేరుగా పట్టించే క్లచ్) తక్కువ వేగంలో, పూర్తి యాక్సిలరేటర్‌లో వద్దనండి. రెవ్ లిమిటర్ (ఇంజిన్‌ను ఒక ఆర్‌పీఎం దాటనివ్వని హద్దు) గేరు మారే చోటుకు కనీసం 200 ఆర్‌పీఎం పైన ఉండాలి.

మొదటి కొన్ని రోజులు టాకోమీటర్ మీద ఒక కన్నేసి ఉంచండి. 2-3 మార్పులో ముల్లు పడాల్సింది పోయి ఒక్క క్షణం పైకి లేస్తే 3-4 క్లచ్ జారుతోందని అర్థం. అక్కడితో గట్టిగా తోలడం ఆపేయండి.

ప్రశ్న: నాది 2011 కమారో ఎస్ఎస్, 6ఎల్80 ఆటోమేటిక్. కామ్ వేశాక టార్క్ మేనేజ్‌మెంట్ (గేరు మారే క్షణంలో కంప్యూటర్ ఇంజిన్ బలం తగ్గించే ఏర్పాటు) పూర్తిగా తీసేస్తే గేర్లు పదునుగా పడతాయంటున్నారు. తీయించనా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వద్దండీ. 6ఎల్80లో ఒక క్లచ్ వదులుతుండగానే ఇంకొకటి పట్టుకుంటుంది. ఆ క్షణంలో ఇంజిన్ కాస్త తగ్గితేనే రెండూ బతుకుతాయి. కొంత తగ్గించుకోవచ్చు గానీ సున్నా చేయించకండి. మీ కారులో ఎల్99 ఇంజిన్ ఉంది. సగం సిలిండర్లు ఆపే ఏఎఫ్ఎం ఏర్పాటు ఉన్నది దానికే. పెద్ద కామ్‌తో ఆ ఏర్పాటుకున్న లిఫ్టర్లు (కామ్ కదలికను వాల్వులకు అందించే భాగాలు) మార్చాలి, ట్యూన్‌లోనూ ఏఎఫ్ఎం ఆపాలి. గేర్‌బాక్స్ కంప్యూటర్ పాన్ లోపల, ఆయిల్లోనే ఉంటుంది కాబట్టి ఆయిల్ వేడి మీకు ఇంకా ముఖ్యం.

ప్రశ్న: 1970 షెవెల్‌లో పెద్ద కామ్ వేయించాను. టర్బో 350 గేర్‌బాక్స్ డ్రైవ్‌లో వేయగానే ధనామని కొడుతోంది, గేర్లు ఆలస్యంగా మారుతున్నాయి. పాడైందా?
– ఒక పాఠకుడు, ఫీనిక్స్, అరిజోనా

జవాబు: చాలావరకు పాడై ఉండదు. ఈ పాత గేర్‌బాక్స్ ఇంజిన్ ఎంత కష్టపడుతోందో వాక్యూమ్ మాడ్యులేటర్‌తో, అంటే ఇంజిన్ గాలిని పీల్చే బలాన్ని (వాక్యూమ్) బట్టి పనిచేసే డబ్బాతో తెలుసుకుంటుంది. పెద్ద కామ్‌తో ఐడిల్ వాక్యూమ్ 18 అంగుళాల (పాదరసం) నుంచి 10 – 12కు పడిపోవచ్చు. గేర్‌బాక్స్ దాన్ని మీరు యాక్సిలరేటర్ తొక్కినట్టు అనుకుని ప్రెషర్ పెంచుతుంది.

మొదట మాడ్యులేటర్ గొట్టం పీకి చూడండి. లోపల ఎర్రటి ఆయిల్ తడి ఉంటే లోపలి పల్చటి పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే, మాడ్యులేటర్ మార్చాలి. ఆయిల్ లేకపోతే గొట్టం మ్యానిఫోల్డ్ వాక్యూమ్‌కే ఉందా, కార్బ్యురేటర్ పోర్టుకు తగిలించారా చూడండి. అదీ సరిగ్గా ఉంటే స్క్రూ ఉన్న మాడ్యులేటర్ వేయించండి. స్క్రూ బయటికి తిప్పితే ప్రెషర్ తగ్గి మెత్తగా మారుతుంది. ఇక్కడే జాగ్రత్త: పూర్తిగా తొక్కినప్పుడు వాక్యూమ్ దాదాపు ఉండదు, అప్పుడు పనిచేసేది లోపలి స్ప్రింగ్. స్క్రూ వదులు చేస్తే అదీ బలహీనపడి, గట్టిగా తోలేటప్పుడు క్లచ్ జారుతుంది. ఒకసారికి ఒక్క చుట్టే తిప్పి, ప్రెషర్ గేజ్ పెట్టి చూసి, ఆ తరువాతే ఇంకో చుట్టు.